కృప, విశ్వాసము, సత్క్రియలు

గడచిన విద్యాసంవత్సరమున ఫిబ్రవరి మాసములో నొక సాయంకాలము, ప్రార్థన ముగిసి విద్యార్థులందఱు భోజనశాలకు పోయిన తరువాత, వసతిగృహములోని యొక బాలుడు మాయొద్దకు వచ్చి నిలువబడెను. అతడు తొమ్మిదవ తరగతి చదువుచుండెను. అంతకు రెండు నెలల క్రిందట అతని తండ్రి మరణించెను. బ్రతికినన్నాళ్లు త్రాగుడుచేత కుటుంబమును బాధపెట్టిన యా మనుష్యుడు, కడపటి వ్యాధిలో మూడు వారములు మంచముపట్టి, సంఘకాపరిని పిలిపించుకొని, తన పాపములను ఒప్పుకొని, ప్రభువునందు నమ్మికయుంచి కన్నుమూసెను. బాలుడు మమ్మును రెండు ప్రశ్నలడిగెను. “మేష్టారూ, మా నాయన బ్రతుకులో మంచిపని యనదగినది యొక్కటియు చేయలేదు. ఆయన రక్షింపబడెనా?” అనునది మొదటిది. “మా యూరి కిరాణా కొట్టులో ఆయన రెండువేల రూపాయలు బాకీపడి పోయెను. దానిని నేను తీర్చినయెడల అది ఆయన లెక్కలో జమపడునా?” అనునది రెండవది.

అదే వారమున మా తరగతిలో పెద్ద బాలురిద్దఱు వాదులాడుకొనిరి. ఒకడు, రక్షణ కృపచేతనే కలుగునప్పుడు మంచిపనులతో నిమిత్తమేమి యనెను. రెండవవాడు, మంచిపనులు లేనివాడు ఎంత నమ్మినను ఏమి లాభమనెను. ఒకడు పౌలును, మరియొకడు యాకోబును సాక్ష్యముగా తెచ్చిరి. గంట కొట్టుటచేత వాదము నిలిచినదే గాని తీరలేదు.

తరగతిలోని ప్రశ్నయు, ఆ సాయంకాలపు ప్రశ్నయు ఒక్కటియే. అయితే ఒకటి వాదము కొఱకు అడిగినది, రెండవది కన్నీటితో అడిగినది. ఆ బాలునికి ఆనాడు మేము చెప్పగలిగినది కొద్దిమాటలు మాత్రమే. ఈ సంచికలో కొంత తావు దొరకినందున ఆ మాటలనే విపులముగా వ్రాయుచున్నాము. విద్యార్థులును, వారి తలిదండ్రులును, మా తోడి ఉపాధ్యాయులును ఓపికతో చదువుదురని నమ్ముచున్నాము.

కృప యననేమి?

మన విద్యార్థులకు ఈ మాట వినగానే మొదట జ్ఞప్తికి వచ్చునది పరీక్షలలో కలుపు గ్రేసు మార్కులు. 35 మార్కులు రావలసినచోట 32 వచ్చినవానికి అధికారులు దయదలచి మూడు మార్కులు కలిపి గట్టెక్కింతురు. అయిదు మార్కులు వచ్చినవానికి మాత్రము ఎవరును ముప్పది మార్కులు కలుపరు. అనేకులు దేవుని కృపను ఈ విధముగనే తలంచుచున్నారు. మనము చేయగలిగినంత మేలు మనము చేయవలెను, తక్కువైన కొంచెమును దేవుడు పూరించును, మరీ తక్కువైనవానికి మాత్రము ఆశ లేదు అని వారి లెక్క. ఆ బాలుని భయమునకు మూలమిదియే. తన తండ్రికి వచ్చినవి అయిదు మార్కులైనను కావని యతడు ఎఱుగును.

పౌలు చెప్పిన కృప ఇట్టిది కాదు. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయములో అతడు మనుష్యుని స్థితిని కొద్దిమార్కులు తక్కువైన విద్యార్థి స్థితిగా చెప్పలేదు. అపరాధములచేత చచ్చినవాని స్థితిగా చెప్పెను. చచ్చినవానికి మార్కులు కలిపి ప్రయోజనము లేదు, ప్రాణము కావలెను. కావున కృప యనగా మన కొఱతను పూరించునది కాదు, ఏమియు లేనిచోట సమస్తమును ఇచ్చునది. పుచ్చుకొనువానిలో దానికి తగిన కారణమేదియు ఉండదు. కారణమంతయు ఇచ్చువానిలోనే యుండును.

ప్రభువు దేవాలయమున ప్రార్థింపబోయిన యిద్దఱినిగూర్చి చెప్పిన ఉపమానము మనమెల్లరమెఱిగినదే. పరిసయ్యుడు వారమునకు రెండుమాఱులు ఉపవాసముండెను, తన రాబడిలో పదియవవంతు ఇచ్చెను. అతడు అబద్ధమాడెనని ఉపమానములో ఎచ్చటను లేదు. అతడు చేసిన పనులు మంచివే. అయితే వాటిని ఒక పట్టీగా వ్రాసి దేవుని యెదుట దాఖలు చేసెను. సుంకరి యొద్ద దాఖలు చేయుటకు ఏమియు లేదు. అతడు దూరముగా నిలిచి రొమ్ము కొట్టుకొని దయకొఱకు వేడుకొనెను. నీతిమంతుడని తీర్పు పొంది యింటికి వెళ్లినవాడు అతడే.

కృప ఉచితమైనదనగా అది చౌకయైనదని యెవరును తలంపరాదు. మన పల్లెలలో ఒక షావుకారు, తీర్చలేని బీదవానిమీద దయ కలిగి, ప్రోనోటును అతని యెదుటనే చించివేసెననుకొందము. ఋణస్థునికి అది ఉచితమే. కాని ఆ సొమ్ము ఎటుపోయెను? గాలిలో కలిసిపోలేదు. షావుకారే ఆ నష్టమును భరించెను. క్షమించుటయన్నచోట నెల్ల ఒకడు నష్టమును భరించుట యున్నది. దేవుడు మన ఋణమును తానే భరించిన స్థలము సిలువయని క్రైస్తవుల విశ్వాసము. అందుచేత పుచ్చుకొనువానికి వెలలేని కృప, ఇచ్చినవానికి మిక్కిలి వెలగలదై యున్నది.

విశ్వాసమననేమి?

కొందఱు విశ్వాసమనగా కొన్ని సంగతులు నిజమని ఒప్పుకొనుట యనుకొందురు. దేవుడొక్కడే యని దయ్యములును నమ్మి వణకుచున్నవని యాకోబు హెచ్చరించెను. దయ్యములకు వేదాంతజ్ఞానము కొదువలేదు, అయినను అవి రక్షణ పొందలేదు. కావున ఒప్పుకొనుటకంటె అధికమైనది కావలెను. అది ఒకని మాటమీద మన బరువంతయు వైచి ఆనుకొనుట.

వేఱుకొందఱు విశ్వాసమునే యొక పుణ్యకార్యముగా తలంతురు. “ఇతరులు దానధర్మములు చేసి రక్షణ సంపాదింతురు, మేము నమ్మి సంపాదించితిమి” అను భావము వారి మనస్సులో నుండును. ఇదియు పొరపాటే. భిక్షకుడు చేయి చాచినందుకు కూలి అడుగడు. విశ్వాసము చాచిన చేయియే గాని చేసిన పని కాదు.

కృప, విశ్వాసము, సత్క్రియలు ఈ మూటికిని గల సంబంధమును మన డెల్టాప్రాంతపు రైతు సులభముగా గ్రహింపగలడు. గోదావరి నాసిక సమీపమున త్ర్యంబకమున పుట్టి ఎంతో దూరము ప్రవహించి వచ్చును. 1847 మొదలు 1852 వఱకు ఆర్థరు కాటను ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించుటచేత ఆ నీరు కాలువలవెంబడి పొలముల గట్లవఱకు వచ్చుచున్నది. రైతు తెల్లవాఱుజామున పారతో పోయి మడవ తీయును. నీరు చేనిలోనికి పాఱును. కొన్ని నెలలకు చేను పండును. ఇందు నీరు కృప, మడవ తీయుట విశ్వాసము, పంట సత్క్రియలు. మడవ తీసినవాడు నీటిని తానే పుట్టించితినని చెప్పడు. మడవ తీయకున్న కాలువనిండ నీరున్నను చేను ఎండును. నీరు పాఱిన చేనిలో ఒక పచ్చని మొక్కయైనను లేకున్న, మడవ నిజముగా తీసినారా యని ఇరుగుపొరుగు రైతులు అడుగుదురు. పంటను చూపి నీటిని కొనువాడును లేడు. నీరు వచ్చినదిగదా యని పంట అక్కఱలేదనువాడును లేడు. చేనివిషయమున ఇంత తెలివిగల మనము ఆత్మవిషయమున ఈ క్రమమును తలక్రిందులు చేయుచుందుము.

పౌలును యాకోబును

పౌలు మనుష్యుడు ధర్మశాస్త్ర క్రియలవలన గాక విశ్వాసమువలననే నీతిమంతుడని తీర్చబడునని రోమీయులకును గలతీయులకును వ్రాసెను. యాకోబు క్రియలు లేని విశ్వాసము మృతమనియు, మనుష్యుడు విశ్వాసమాత్రమున గాక క్రియలవలన నీతిమంతుడుగా ఎంచబడుననియు వ్రాసెను. ఇద్దఱును అబ్రాహామునే దృష్టాంతముగా తీసికొనిరి. మా తరగతిలోని బాలురు వాదులాడుటలో ఆశ్చర్యమేమున్నది?

అబ్రాహాము జీవితములోని కాలక్రమమును చూచినయెడల చిక్కు చాలవఱకు విడిపోవును. అబ్రాహాము దేవుని నమ్మగా అది అతనికి నీతిగా ఎంచబడెనను సంగతి ఆదికాండము 15వ అధ్యాయములో నున్నది. అప్పటికి అతనికి ఇష్మాయేలు పుట్టలేదు. ఇష్మాయేలు పుట్టునప్పటికి అతని వయస్సు 86 సంవత్సరములు. సున్నతి పొందునప్పటికి 99 సంవత్సరములు. కావున నీతిగా ఎంచబడుట సున్నతికి పదుమూడేండ్లకంటె ముందుగనే జరిగినది. పౌలు చూపినది ఈ సంగతినే. యాకోబు చూపినది 22వ అధ్యాయములో ఇస్సాకును బలిపీఠముమీద ఉంచిన సంగతి. ఇస్సాకు అబ్రాహామునకు నూఱేండ్ల వయస్సున పుట్టినవాడు. యాకోబు ఆ సంగతి చెప్పుచు, పూర్వమందలి ఆ నమ్మికయే ఇప్పుడు నెఱవేఱెనని తానును 15వ అధ్యాయమునే ఉదాహరించెను. పౌలు విత్తనము మొలిచిన దినమును చూపెను, యాకోబు ఫలించిన దినమును చూపెను. చెట్టు ఒక్కటియే.

మఱియు వారిద్దఱు ఎవరితో మాటలాడుచుండిరో చూడవలెను. సున్నతి పొందనిది రక్షణ లేదని గలతీయ సంఘములలో కొందఱు బోధించిరి. అనగా క్రీస్తు చేసినది చాలదు, మీరు మరికొంత చేర్చవలెనని. వారికి పౌలు గట్టిగా ప్రత్యుత్తరమిచ్చెను. యాకోబు ఎదుట నున్నవారు వేఱు. వారి కూటమునకు బంగారు ఉంగరము ధరించినవాడు వచ్చిన మంచిచోట కూర్చుండబెట్టిరి, చిరిగిన బట్టలవాడు వచ్చిన పాదపీఠమునొద్ద కూర్చుండుమనిరి. బట్టలేక ఆకలిగొన్న సహోదరునికి మంచిమాట చెప్పి వట్టిచేతులతో పంపివైచిరి. వైద్యుడు ఒకనికి ఉపవాసమును, మరియొకనికి బలమైన భోజనమును చెప్పినంతమాత్రమున అతని శాస్త్రము రెండు విధములని యనము. రోగములు రెండు విధములు. మనలో గర్వమున్నప్పుడు పౌలును, సోమరితనమున్నప్పుడు యాకోబును చదువవలెను. సామాన్యముగా మనము దీనికి విరుద్ధముగా చేయుదుము. సోమరి పౌలును చూపును, గర్విష్ఠుడు యాకోబును చూపును.

పౌలును సంపూర్ణముగా చదివినవారికి ఆయనయందే రెండు మాటలును కనబడును. ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో రక్షణ క్రియలవలన కలిగినది కాదని చెప్పిన వెంటనే, దేవుడు మనలను సత్క్రియలకొఱకే సృజించెనని చెప్పెను. గలతీయులకు వ్రాసిన పత్రికలో, ప్రేమచేత పనిచేయు విశ్వాసమే ప్రయోజనకరమనెను. క్రియలవలన కాదు, క్రియలకొఱకు. ఈ రెండు ప్రత్యయముల భేదము వ్యాకరణము చదువుకొను మన విద్యార్థులు మఱువకుందురు గాక.

సంఘచరిత్రలో ఈ ప్రశ్న

ఈ వాదము మా తరగతిలో పుట్టినది కాదు. అయిదవ శతాబ్దారంభమున పెలేజియసు అను సన్న్యాసి, మనుష్యుడు తన స్వతంత్రేచ్ఛచేతనే దేవుని ఆజ్ఞలను నెఱవేర్పగలడని బోధించెను. ఆఫ్రికాఖండమున హిప్పో పట్టణపు బిషపుగానుండిన అగస్టీను దీనిని ఎదిరించి, మేలు కోరుకొనుటకు సహితము కృప ముందుగా రావలెనని వాదించెను. 418లో కార్తేజినందు కూడిన సభ పెలేజియసు బోధను ఖండించెను.

మార్టిను లూథరు 1505లో న్యాయశాస్త్రపు చదువు విడిచి ఎర్ఫర్టులోని మఠమున చేరెను. ఉపవాసములు, జాగరణములు, పాపపు ఒప్పుకోళ్లు ఎన్ని చేసినను ఆయన మనస్సునకు నెమ్మది కలుగలేదు. ఎంత చేసిన చాలునో తెలియకపోవుటయే ఆయన బాధ. విటెంబర్గునందు వేదపండితుడై రోమాపత్రికను బోధించుచు, దేవుని నీతి యనగా పాపిని శిక్షించు నీతి మాత్రమే కాదు, విశ్వసించువానికి దేవుడు అనుగ్రహించు నీతియని గ్రహించెను. 1517 అక్టోబరు 31వ తేదీన పాపపరిహార పత్రముల విక్రయమునకు విరుద్ధముగా 95 వాక్యములను ప్రకటించెను. అయినను ఆయన సత్క్రియలను త్రోసివేయలేదు. 1520లో వ్రాసిన క్రైస్తవుని స్వాతంత్ర్యమను గ్రంథములో, చెట్టు మంచిదైన పిమ్మటనే ఫలము మంచిదగునట్లు మనుష్యుడు ముందుగా మంచివాడు కావలెనని వివరించెను. యాకోబు పత్రికవిషయమున మాత్రము ఆయన తొందరపడెనని మా యభిప్రాయము. 1522లో ప్రకటించిన క్రొత్తనిబంధన పీఠికలో దానిని గడ్డిపరకతో పోల్చెను. గొప్పవారును తమకు తగిలిన గాయమువైపుననే చూతురు.

రోమను కథోలిక సంఘము ట్రెంటు మహాసభలో 1547లో ఈ విషయమున తీర్మానము చేసెను. నీతిమంతుడుగా తీర్చబడుటకు ముందున్న విశ్వాసము గాని క్రియలు గాని ఆ కృపను సంపాదింపజాలవని ఆ సభయు ఒప్పుకొనెను. అయితే మనుష్యుని చిత్తము కృపతో కూడి పనిచేయవలెననియు, సత్క్రియలచేత నీతి వృద్ధియగుననియు చెప్పి, విశ్వాసమాత్రముననే యను మాటను ఆ యర్థమున ఖండించెను. అటుపిమ్మట నాలుగువందల యేండ్లకు పైగా ఇరుపక్షములవారును ఒకరినొకరు దూషించుకొనిరి.

1999 అక్టోబరు 31వ తేదీన జర్మనీదేశములోని ఆగ్స్‌బర్గు పట్టణమున లూథరను ప్రపంచ సమాఖ్యయు కథోలిక సంఘమును ఒక ఉమ్మడి ప్రకటనమీద చేవ్రాళ్లు చేసిరి. మన యోగ్యతవలన గాక, క్రీస్తునందలి విశ్వాసముచేత కృపవలననే దేవుడు మనలను అంగీకరించి, సత్క్రియలకు మనలను సిద్ధపఱచుచున్నాడను సారాంశమును ఇరువురును ఒప్పుకొనిరి. 2006లో మెతడిస్టులును, 2017లో సంస్కృత సంఘముల సమాఖ్యయు దానితో కలిసిరి. భేదములన్నియు తీఱలేదు. అయినను తాతలు కలహించినచోట మనుమలు కలిసి కూర్చుండుట చిన్న సంగతి కాదు.

ఒంగోలు కాలువయు గుండ్లకమ్మ యేఱును

మన తెలుగుదేశపు చరిత్రలోనే ఈ సత్యమును బోధించు సంగతి యొకటి యున్నది. 1876 మొదలు 1878 వఱకు మద్రాసు రాజధానిలో ఘోరమైన క్షామము వచ్చెను. ధాత కరవని మన పెద్దలు చెప్పుకొనినది ఇదియే. ఆ దినములలో ఒంగోలునందు అమెరికను బాప్టిస్టు మిషనరియైన జాను క్లౌ పనిచేయుచుండెను. ఆయన బకింగ్‌హాము కాలువలో కొన్ని మైళ్ల త్రవ్వకపు పనిని కంట్రాక్టుకు తీసికొని, ఆకలిచే చచ్చుచున్న ప్రజలకు కూలి కల్పించెను. ఆయనతోకూడ పనిచేయు తెలుగు బోధకులే మేస్త్రీలైరి. పగలు మట్టి మోసిన జనులు విశ్రాంతివేళలయందు వారినోట సువార్త వినిరి. అనేకులు బాప్తిస్మ మిమ్మని అడిగిరి.

క్లౌ దొర ఈయలేదు. అన్నముకొఱకు చేరిరో, నమ్మి చేరిరో తెలియని దినములలో బాప్తిస్మము ఇయ్యరాదని యేడాదికి పైగా నిలిపివేసెను. కరవు తగ్గి, సహాయద్రవ్యము ముగిసి, ఇక మిషనువారియొద్ద పెట్టుటకేమియు లేదని స్పష్టముగా తెలిసిన తరువాతను జనులు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు తెలుగు బోధకులు ఆర్గురు. ఇద్దఱు చొప్పున మార్చి మార్చి యేటిలో నిలిచిరి. వచ్చినవారిలో బహుమంది ఊరివెలుపల నివసించు మాదిగ కులమువారు.

ఆ జనులు కాలువగట్టుమీద ఒక న్యాయమును, యేటి యొడ్డున మరియొక న్యాయమును చూచిరి. కాలువయొద్ద మట్టిని కొలిచి కూలి యిచ్చిరి. అది ధర్మమే, పనిచేసినవానికి కూలి ఋణముగాని దానము కాదని పౌలును చెప్పెను. యేటియొద్ద ఎవరును దేనిని కొలువలేదు. బలముగలవాడు ఎక్కువ పొందలేదు, ముసలిది తక్కువ పొందలేదు. తరతరములుగా వెట్టిచేసి, కొలతకు తక్కువ కూలినే యెఱిగిన ప్రజలకు, కొలువక ఇచ్చు దేవుడున్నాడను వార్త ఎట్లు వినబడియుండునో మనము ఊహింపవలసినదే.

క్లౌ దొర చేసినదానిలో క్రియలును విశ్వాసమును వేఱువేఱు చోట్ల చక్కగా నిలిచినవి. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటకు అతడు నమ్మినవాడా యని అడుగలేదు. నమ్మినవానికి బాప్తిస్మమిచ్చుటకు అన్నమును ఎఱగా వేయలేదు. అన్నముకొఱకు మతము మార్చుకొనిరని మనలనుగూర్చి కొందఱు పలుకు నిందకు మాటలతో ప్రత్యుత్తరమిచ్చుటకంటె, ఆ సంవత్సరపు నిరీక్షణను జ్ఞాపకము చేసికొని, మన సంఘములు నేడును అట్లే నడచుకొనుట మేలు.

అట్లయిన మంచిపనులెందుకు?

ఇప్పుడు మా పెద్ద బాలుని ప్రశ్నకు వత్తము. కృపచేతనే రక్షణయైన, మేలు చేయుటకు కారణమేమి? ఈ ప్రశ్నను పౌలునే అడిగినవారు కలరు. రోమాపత్రిక ఆఱవ అధ్యాయము దానికి ప్రత్యుత్తరము.

మేము ఉపాధ్యాయ శిక్షణకళాశాలలో నున్నప్పుడు మా గురువొకరు ఇట్లడిగిరి: “బెత్తమునకు భయపడి చదువువాడును, బహుమానముకొఱకు చదువువాడును, చదువును ప్రేమించి చదువువాడును, ఈ మువ్వురిలో సెలవులలో పుస్తకము తెఱచువాడెవడు?” మేము నవ్వితిమి గాని ఆ ప్రశ్నను మఱువలేదు. నరకభయముచేత చేయు మంచిపని భయము తీఱగానే ఆగిపోవును. పరలోకమును కొనుటకు చేయు మంచిపనిలో బీదవాడు మనకు మెట్టుమాత్రమే యగును. వానిమీద కాలువైచి మనము పైకెక్కుచుందుము. రక్షణ ముందే దొరకినవాడు మాత్రమే బీదవానిని బీదవానికొఱకే ప్రేమింపగలడు. తన లెక్క చూచుకొనవలసిన పని అతనికి లేదు గనుక అతని రెండు చేతులును ఖాళీగా నుండును.

జక్కయ్యను చూడుడు. ప్రభువు మేడిచెట్టుక్రింద నిలిచి అతనిని పేరుపెట్టి పిలిచి, అతని యింట బసచేయుదునని చెప్పునప్పటికి జక్కయ్య ఒక్క కాసైనను తిరిగి యిచ్చియుండలేదు. ప్రభువు చేర్చుకొనిన తరువాత, ఆస్తిలో సగము బీదలకును, అన్యాయముగా తీసికొనినది నాలుగంతలుగాను ఇచ్చెదనని అతడు తనంతట లేచి చెప్పెను. ఇచ్చినందున ప్రభువు రాలేదు; ప్రభువు వచ్చినందున ఇచ్చెను.

1883లో గుంటూరునకు వచ్చిన లూథరను మిషను వైద్యురాలు అన్నా కుగ్లరు, స్త్రీలకును శిశువులకును వైద్యము చేయుచు, 1898లో ఆసుపత్రి తెఱపించి, 1930లో మరణించువఱకు ఆ పనియందే యుండెను. పరలోకమున చోటు సంపాదించుటకు అన్ని సంవత్సరముల చాకిరీ యెవరును చేయనక్కఱలేదు. ఆమె సంఘము ఆమెకు నేర్పిన విశ్వాసము ప్రకారము ఆ చోటు ఉచితము. ఉచితమని యెఱిగియు చేసినందుననే ఆ పనికి అంత సౌందర్యము కలిగినది.

ఇక మనవిషయము. తలిదండ్రులారా, మీ బిడ్డ మంచి మార్కులు తెచ్చినదినముననే ముద్దాడి, తక్కువైనదినమున ముఖము త్రిప్పుకొనినయెడల, దేవుడును అట్టివాడేయని ఆ బిడ్డ నేర్చుకొనును. ఉపాధ్యాయులారా, తప్పుచేసిన బాలుని శిక్షింపవలసివచ్చినను, వాడు మనవాడు కాకపోలేదని వానికి తెలియునట్లు శిక్షింపుడు. విద్యార్థులారా, సేవాసంఘములో పేరు వ్రాయించుకొని, సర్టిఫికెటు చేతికి రాగానే చీపురు పాఱవేయువారు మీలో లేకుందురు గాక. ప్రార్థనలో ముందువరుసను కూర్చుండి, పరీక్షలో ప్రక్కవాని కాగితము చూచువాడు తన విశ్వాసము బ్రతికియున్నదో లేదో తానే నాడి చూచుకొనవలెను.

ఆ బాలుని రెండు ప్రశ్నలు

మొదటి ప్రశ్నకు మేము ఆ రాత్రి ఇట్లు చెప్పితిమి: “నాయనా, తీర్పు దేవునిది, మాది కాదు. అయితే ఆయన వాగ్దానమును నీకు చెప్పగలము. సిలువమీది దొంగకు మేలు చేయుటకు దినము లేదు, చేతులు కొట్టబడియుండెను. అయినను ప్రభువు వానిని త్రోసివేయలేదు. మీ నాయన ఎవరిమీద ఆనుకొనెనో ఆయన నమ్మదగినవాడు.” మరియు సిలువమీద ఆ కొద్ది గడియలలోనే దొంగ తన తప్పును ఒప్పుకొని, తోడివానిని మందలించెనని చూపి, “మీ నాయనయు ఆ మూడు వారములలో ఏమైన చేసెనా?” యని అడిగితిమి. బాలుడు చాలసేపు ఊరకుండి, “మా అమ్మ చేయి పట్టుకొని క్షమింపుమని అడిగెను. అంతకుముందు ఎన్నడును అడుగలేదు” అనెను. “అది ఆ చెట్టున కాసిన కాయ, నాయనా. ఋతువు చిన్నదైనందున ఒక్కటే కాసినది” అంటిమి.

రెండవ ప్రశ్నకు ప్రత్యుత్తరము కఠినముగా తోచినను నిజమే చెప్పవలసివచ్చెను. “నీవు ఇచ్చు రెండువేలు మీ నాయన లెక్కలో జమపడవు. ఆ లెక్క సిలువయొద్ద తీఱినది, దానికి నీ రూపాయలు అక్కఱలేదు. అయితే కొట్టువాని పుస్తకములో బాకీ ఇంకను ఉన్నది. అతడును పిల్లలుగలవాడు” అని మాత్రము చెప్పి పంపితిమి. తీర్చుమని ఆజ్ఞాపింపలేదు.

వేసవి సెలవులు గడచి జూన్‌లో బడి తెఱచినపుడు అతడు మాయొద్దకు వచ్చెను. సెలవులలో తన మేనమామతోకూడ మామిడితోటలో కాయలు కోసి బుట్టలకెత్తు పనిచేసి, వచ్చిన కూలిలో బాకీ తీర్చితినని చెప్పెను. కొట్టువాడు సగము చాలుననినను వినక పూర్తిగా ఇచ్చెనట. “ఎందుకు తీర్చితివి?” అని మేమడిగితిమి. అతడు కొంచెము ఆలోచించి, “ఫిబ్రవరిలోనైతే భయపడి తీర్చియుందును, మేష్టారూ. ఇప్పుడు భయము లేదు. ఇయ్యవలసినది గనుక ఇచ్చితిని” అనెను.

మేము ఈ వ్యాసములో చెప్పదలచినదంతయు ఆ మాటలో నున్నది. భయము తీఱుట కృపవలన కలిగినది. ఆ కృపను నమ్ముట విశ్వాసము. భయము తీఱిన తరువాతను ఇయ్యవలసినది ఇచ్చుట సత్క్రియ. ఈ మూడును ఈ క్రమముననే మన పాఠశాలలోను, మన గృహములలోను నెలకొనును గాక.